పొద్దుటి ఉష్ణోగ్రతతో అండం విడుదలయ్యే రోజులు, గర్భం తొలి సూచనలు గుర్తించడం ఎలా?

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని చెప్పగానే మన దగ్గర వినిపించే మొదటి సలహా "పద్నాలుగో రోజు చూసుకోండి" అని. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెడితే ఆ రోజున అండం విడుదలవుతుందని వాళ్ళ లెక్క. 28 రోజులకు ఠంచనుగా నెలసరి వచ్చే ఆమెకైతే ఆ లెక్క చాలావరకు దగ్గరగా ఉంటుంది. 35 రోజులకు వచ్చే ఆమెకు అండం సుమారు 21వ రోజున విడుదలవుతుంది. ఆమె పద్నాలుగో రోజు చుట్టూ ఎన్ని నెలలు ప్రయత్నించినా ఫలితం ఉండదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 221 మంది స్త్రీలను గమనించి 1995లో ప్రచురించిన ఒక అధ్యయనం, గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులు నెలకు ఆరే అని తేల్చింది. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. అదే బృందం 2000లో ఇంకో విషయం చెప్పింది: ఆ ఆరు రోజులూ పూర్తిగా 10 నుంచి 17వ రోజు మధ్యలోనే పడే స్త్రీలు సుమారు 30 శాతం మాత్రమే. అంటే ఎవరి లెక్క వాళ్ళదే. మీ లెక్క ఏమిటో తెలుసుకోవడానికి అతి తక్కువ ఖర్చుతో అయ్యే పద్ధతి, రోజూ పొద్దున్నే ఒంటి ఉష్ణోగ్రత చూసి రాసుకోవడం.

మొదలుపెట్టే ముందే ఒక విషయం స్పష్టంగా తెలియాలి. ఉష్ణోగ్రత పెరిగేది అండం విడుదలైన తర్వాత. విడుదలైన అండం బతికి ఉండేది 12 నుంచి 24 గంటలు. కాబట్టి "టెంపరేచర్ పెరిగింది, ఇవాళ ప్రయత్నిద్దాం" అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టే. ఈ పద్ధతి మొదలుపెట్టిన చాలామంది దంపతులు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటారు. ఈ నెల చార్ట్ ఉపయోగపడేది వచ్చే నెలకు. రెండు మూడు నెలల చార్టులు చేతిలో ఉంటే మీ ఒంటి తీరు తెలుస్తుంది, ఆ తీరును బట్టి రాబోయే రోజులను ముందే అంచనా వేసుకోవచ్చు. ఇక్కడ చెప్పబోయే ప్రతి మెట్టూ దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఒంట్లో జరిగేది

పీరియడ్ మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యే దాకా ఈస్ట్రోజన్ హార్మోన్‌దే పైచేయి. ఆ రోజుల్లో పొద్దుటి ఉష్ణోగ్రత చాలామందిలో 97.0 నుంచి 97.7 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య తిరుగుతుంటుంది. అండం బయటికి వచ్చాక, అది అప్పటిదాకా ఉన్న సంచి కార్పస్ ల్యూటియం అనే చిన్న గ్రంథిగా మారి ప్రొజెస్టరాన్‌ను తయారుచేస్తుంది. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ మీద ఈ ప్రొజెస్టరాన్ పనిచేసి, ఉష్ణోగ్రతను అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ దాకా పెంచుతుంది. గర్భం రాకపోతే ఆ గ్రంథి సాధారణంగా 12 నుంచి 14 రోజుల్లో చతికిలబడుతుంది, ప్రొజెస్టరాన్ తగ్గుతుంది, ఉష్ణోగ్రత దిగుతుంది, పీరియడ్ వస్తుంది. గర్భం నిలిస్తే పిండం నుంచి వచ్చే హెచ్‌సిజి హార్మోన్ ఆ గ్రంథిని నిలబెడుతుంది. అందుకే ఉష్ణోగ్రత దిగకుండా అలాగే ఉంటుంది.

నెలలో ఈ రెండు దశలు ఉంటాయని డచ్ గైనకాలజిస్ట్ థియోడార్ వాన్ డె వెల్డె 20వ శతాబ్దం మొదట్లోనే గమనించాడు. మన ఆసుపత్రుల్లో ఇప్పుడు అండం ఎదుగుదలను చూసే ఫాలిక్యులర్ స్కాన్లు వచ్చేశాయి కాబట్టి థర్మామీటర్‌ను పాతకాలపు వస్తువుగా చూసే డాక్టర్లూ ఉన్నారు. కచ్చితంగా రోజు తేల్చడానికి స్కానే మేలు, అందులో సందేహం లేదు. కానీ ప్రతి నెలా రోజు విడిచి రోజు స్కాన్ సెంటర్ చుట్టూ తిరగడం అందరికీ కుదరదు. ప్రయత్నం మొదలుపెట్టిన తొలి నెలల్లో దాని అవసరమూ ఉండదు.

మొదటి మెట్టు: సరైన థర్మామీటర్

ఇంట్లో జ్వరానికి వాడే డిజిటల్ థర్మామీటర్ చాలావరకు 97.4, 97.5 అని ఒక దశాంశమే చూపిస్తుంది. మనం పట్టుకోవాల్సిన తేడా అర డిగ్రీయే కాబట్టి 97.46 అని రెండు దశాంశాలు చూపించే బేసల్ థర్మామీటర్ కావాలి. పెద్ద మెడికల్ షాపుల్లో అడిగితే తెప్పిస్తారు, ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది. పాత పాదరసం థర్మామీటర్‌లో గీతలు 0.2 డిగ్రీలకొకటి ఉంటాయి. చిన్న తేడాలు అందులో కనిపించవు, పైగా పగిలితే పాదరసం ప్రమాదం. నుదుటికి గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఈ పనికి అసలు పనికిరాదు. ఫ్యాన్ గాలికి, చెమటకు చర్మం వేడి ఇట్టే మారిపోతుంది.

కొన్నాక ఆ ఒక్కదాన్నే వాడండి. నెల మధ్యలో థర్మామీటర్ మారిస్తే రెండింటి మధ్య తేడాయే ఉష్ణోగ్రత పెరిగినట్టు కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. బ్యాటరీ అయిపోవచ్చినా అంకెలు నమ్మలేం. బ్యాటరీ గుర్తు వెలిగిన వెంటనే మార్చేయండి.

రెండో మెట్టు: చూసుకునే పద్ధతి

రాత్రి పడుకునే ముందే థర్మామీటర్‌ను దిండు పక్కన, చెయ్యి చాపితే అందేచోట పెట్టుకోండి. పొద్దున మెలకువ రాగానే, లేచి కూర్చోకముందే, నీళ్ళు తాగకముందే, మాట్లాడకముందే దాన్ని నాలుక కింద పెట్టుకోవాలి. నాలుక మధ్యలో ఉండే ఈనెకు ఒక పక్కగా, బాగా లోపలికి పెడితే అక్కడ రక్తనాళాలు దగ్గరగా ఉండి సరైన వేడి తెలుస్తుంది. పళ్ళ వెనక పైపైన పెడితే అర డిగ్రీ తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. రోజూ అదే పక్కన పెట్టండి. పెదాలు మూసి ముక్కుతో ఊపిరి తీసుకుంటూ బీప్ వచ్చేదాకా కదలకుండా ఉండండి. జలుబు చేసి నోటితో ఊపిరి తీస్తున్న రోజు వచ్చే అంకె నమ్మదగింది కాదు.

రోజూ దాదాపు ఒకే సమయానికి చూడాలి, అరగంట అటూ ఇటూ పరవాలేదు. పొద్దెక్కేకొద్దీ ఒంటి వేడి సహజంగానే పెరుగుతుంది. రోజూ ఆరింటికి చూసే ఆమె ఆదివారం ఎనిమిదింటికి చూస్తే ఆ అంకె ఎక్కువగా వస్తుంది. చూసుకునే ముందు కనీసం మూడు గంటలైనా ఏకధాటిగా నిద్రపోయి ఉండాలి. హైదరాబాద్‌లో అమెరికా టైమింగ్స్‌తో నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు, నర్సులు ఈ పద్ధతి తమకు కుదరదనుకుంటారు. కుదురుతుంది. మీ ప్రధాన నిద్ర పగటిపూటైతే, ఆ నిద్ర లేచిన వెంటనే చూసుకోండి. వారానికోసారి షిఫ్ట్ మారేవాళ్ళకు మాత్రం చార్ట్ గజిబిజిగా తయారవుతుంది. వాళ్ళు దీనికంటే కింద చెప్పబోయే తెల్లబట్ట గుర్తుల మీద, ఓవులేషన్ కిట్ మీద ఎక్కువ ఆధారపడటం మంచిది.

ఉమ్మడి కుటుంబంలో తెల్లవారుజామునే లేచి వంటింట్లోకి వెళ్ళాల్సిన కోడలికి ఇది కొంచెం కష్టమే. ఐదు నిమిషాలు ముందు అలారం పెట్టుకుంటే చాలు. అంకె రాసుకునే పని భర్తకు అప్పగించవచ్చు. ఆయన ఫోన్‌లో రాస్తున్నాడంటే ఈ ప్రయత్నం ఇద్దరిదీ అయినట్టే, మీ మీద టెన్షన్ సగం తగ్గుతుంది.

మూడో మెట్టు: రాసుకోవడం

పీరియడ్‌లో ఎర్రటి రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. ముందు రోజు కనిపించే గోధుమరంగు మరకను లెక్కలోకి తీసుకోకండి. గ్రాఫ్ పేపర్ మీద అడ్డంగా రోజులు, నిలువుగా ఉష్ణోగ్రత వేసి చుక్కలు పెట్టి గీతతో కలపండి. ఫోన్ యాప్‌లూ ఉన్నాయి, కానీ చాలా యాప్‌లు పీరియడ్ తేదీలను బట్టి "ఈ రోజు అండం విడుదల" అని ముందే రంగులు వేసి చూపిస్తాయి. అది మళ్ళీ ఆ పద్నాలుగో రోజు లెక్కే, కాకపోతే అందంగా కనిపిస్తుంది. అంకెలు దాచుకోవడానికి యాప్ వాడండి, నిర్ణయం మాత్రం మీ చుక్కలను చూసి మీరే తీసుకోండి.

ప్రతి రోజు పక్కన చిన్న గుర్తులు కూడా రాయండి: నిద్ర సరిగా పట్టలేదు, ఆలస్యంగా లేచాను, జ్వరం, పారాసిటమాల్ వేసుకున్నాను, ప్రయాణం. కలిసిన రోజులు కూడా. పదిహేను రోజుల తర్వాత ఒక చుక్క ఎందుకు ఎగిరిందో ఈ గుర్తులే చెబుతాయి, జ్ఞాపకం చెప్పదు.

నాలుగో మెట్టు: తెల్లబట్టను గమనించడం

ఉష్ణోగ్రత చెప్పలేనిది ఇది చెబుతుంది: రాబోయే రోజుల సంగతి. మనవాళ్ళు తెల్లబట్ట అనగానే జబ్బు అనుకుని బలానికి మందులు వాడేస్తారు. నెల మధ్యలో వచ్చే తెల్లబట్ట చాలావరకు ఆరోగ్యానికి గుర్తు.

పీరియడ్ అయిపోయాక కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. తర్వాత జిగురుగా, చిక్కగా కొద్దిగా కనిపిస్తుంది. అండం విడుదల దగ్గరపడేకొద్దీ పలచబడుతూ, పారదర్శకంగా, పచ్చి గుడ్డులోని తెల్లసొనలా జారుతూ ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య తీసుకుని వేళ్ళు విడదీస్తే తెగకుండా సాగుతుంది. అలా సాగే రోజులే అసలైన రోజులు. ఆ స్రావంలో వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు, మిగతా రోజుల్లో గంటల్లోనే నశిస్తాయి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ వల్ల అది మళ్ళీ చిక్కబడి ఆగిపోతుంది. ఉష్ణోగ్రత పెరగడం, తెల్లబట్ట చిక్కబడటం ఒకేసారి జరిగాయంటే అండం విడుదలైందనడానికి రెండు సాక్ష్యాలు దొరికినట్టు.

మూత్రం దగ్గరికి వెళ్ళినప్పుడు టిష్యూతోనో శుభ్రమైన వేలితోనో చూసుకుంటే చాలు, లోపలికి చెయ్యి పెట్టాల్సిన పనిలేదు. దురద, దుర్వాసన, మంట, పెరుగు తరకల్లా తెల్లటి ముద్దలు, పసుపు లేదా ఆకుపచ్చ రంగు ఉంటే అది ఇన్‌ఫెక్షన్. డాక్టర్‌కు చూపించుకోవాలి.

మెడికల్ షాపులో దొరికే ఓవులేషన్ కిట్ కూడా ముందుచూపు ఇచ్చేదే. అండం విడుదలకు దారితీసే ఎల్‌హెచ్ హార్మోన్ మూత్రంలో ఒక్కసారిగా పెరగడాన్ని అది పట్టుకుంటుంది. ఆ తర్వాత సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పిసిఓడి (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ళలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగా ఉండి, అండం విడుదల కాకపోయినా కిట్ పాజిటివ్ చూపించవచ్చు. అలాంటివాళ్ళకు తర్వాతి రోజుల్లో ఉష్ణోగ్రత నిజంగా పెరిగిందా లేదా అన్నదే తీర్పు. థర్మామీటర్ విలువ వీళ్ళకే ఎక్కువ తెలుస్తుంది.

ఐదో మెట్టు: చార్ట్ చదవడం

ఒక చార్ట్‌ను దగ్గరగా చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి.

12వ రోజు 97.34, 13వ రోజు 97.28, 14వ రోజు 97.46, 15వ రోజు 97.30, 16వ రోజు 97.38, 17వ రోజు 97.22. ఆ తర్వాత 18వ రోజు 97.72, 19వ రోజు 97.84, 20వ రోజు 97.96.

ఇందులో చూడాల్సింది వరసగా మూడు. ఆ మూడు అంకెలూ వాటికి ముందున్న ఆరు అంకెలన్నిటికంటే ఎక్కువగా ఉండాలి. ముందున్న ఆరింటిలో పెద్దది 14వ రోజున వచ్చిన 97.46. 18, 19, 20వ రోజుల అంకెలు మూడూ దానికి పైనే ఉన్నాయి. మూడో అంకె కనీసం 0.4 డిగ్రీలు పైన ఉండాలన్నది రెండో షరతు. 97.46కు 0.4 కలిపితే 97.86, వచ్చింది 97.96. షరతు నెగ్గింది. పెరుగుదల 18న మొదలైంది కాబట్టి అండం 17వ రోజు ప్రాంతంలో విడుదలైందని అనుకోవచ్చు. ప్రాంతంలో అని ఎందుకంటే, థర్మామీటర్‌తో ఒకటి రెండు రోజుల తేడా ఎప్పుడూ ఉంటుంది.

97.46 దగ్గర చార్ట్ మీద అడ్డంగా ఒక గీత గీయండి. ఆ గీత కింద ఉన్నవి తొలి దశ రోజులు, పైన ఉన్నవి మలి దశ రోజులు. ఒక్కోసారి ఉష్ణోగ్రత ఒక్క రోజులో ఎగరకుండా మూడు నాలుగు రోజులు కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. అదీ మామూలే. ఒకే ఒక్క చుక్క ఎగిరి మర్నాడు దిగిపోతే మాత్రం దాన్ని పెరుగుదలగా లెక్కపెట్టకండి. పక్కన రాసుకున్న గుర్తు చూడండి, ఆ రోజు ఆలస్యంగా లేచి ఉంటారు.

ఈ ఉదాహరణలో ఆరు అనుకూలమైన రోజులు 12 నుంచి 17 దాకా. ఈమెకు పీరియడ్ 31వ రోజున వస్తే మలి దశ 18 నుంచి 30 దాకా, అంటే 13 రోజులు. నెలసరి ముందూ వెనకా అయ్యేది సాధారణంగా తొలి దశ సాగడం వల్లే. మలి దశ ఒక మనిషిలో నెలనెలా దాదాపు ఒకేలా ఉంటుంది. మూడు చార్టుల్లో అండం విడుదలైన రోజు 16, 17, 19 అని తేలితే, నాలుగో నెల మీరు 11వ రోజు నుంచే సిద్ధంగా ఉండాలి.

ఆరో మెట్టు: ఎప్పుడు కలవాలి

తెల్లబట్ట జారుడుగా మారిన రోజు నుంచి ఉష్ణోగ్రత పెరిగిన రోజు దాకా, రోజూ లేదా రోజు విడిచి రోజు. ఇంతకంటే క్లిష్టమైన టైమ్‌టేబుల్ అక్కర్లేదు. అవకాశం అత్యధికంగా ఉండేది అండం విడుదలకు ముందు రెండు రోజులు, విడుదలయ్యే రోజు. "ఆ ఒక్కరోజు కోసం" భర్త పదిహేను రోజులు దూరంగా ఉండాలని, బలం దాచుకోవాలని చెప్పేవాళ్ళు ఉంటారు. ఎక్కువ రోజులు ఆగితే వీర్యకణాల కదలిక మందగిస్తుందే తప్ప మేలేమీ జరగదు.

దూరంగా ఉండే దంపతులకు చార్ట్ ఇంకా అవసరం. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్ళలో భర్త గల్ఫ్‌లో ఉండి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి సెలవు మీద వస్తాడు. ఆయన టికెట్ బుక్ చేసుకునేముందు మూడు నాలుగు నెలల చార్టులు ఉంటే, వచ్చే తేదీలను దానికి తగ్గట్టు చూసుకోవచ్చు. ఆషాఢంలో పుట్టింట్లో ఉండే కొత్త కోడలికి ఆ నెల ఏ ఒత్తిడీ లేకుండా చార్ట్ నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవాళ్ళు ఇంతమాత్రం చదివి దీన్ని గర్భనిరోధక పద్ధతిగా వాడకండి. దానికి నియమాలు వేరు, కఠినం కూడా. శిక్షణ తీసుకోకుండా మొదలుపెడితే విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

చార్ట్‌ను తప్పుదారి పట్టించేవి

జ్వరం, సరిపడని నిద్ర, ముందు రాత్రి తాగిన మద్యం, దూరప్రయాణం, విదేశాల నుంచి వచ్చినప్పుడు తారుమారయ్యే నిద్రవేళలు ఇవన్నీ అంకెను మారుస్తాయి. ఆ రోజు చుక్క చుట్టూ సున్నా చుట్టి లెక్కలోంచి తీసేయండి. జ్వరం రోజుల చార్ట్ మొత్తం వదిలేయడమే నయం.

మన ఇళ్ళల్లో ఎవరూ చార్ట్ పక్కన రాయని ఒక కారణం ఉంది. పెళ్ళి, వ్రతం, తిరుమల ప్రయాణం ఉంటే పీరియడ్ వాయిదా వేయడానికి మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకుంటారు. అవి ప్రొజెస్టరాన్ లాంటి హార్మోన్‌తో చేసినవి. వాటిని వాడిన నెల ఉష్ణోగ్రత పైనే ఉండిపోవచ్చు, అది గర్భం కాదు, మాత్రల ప్రభావం. ఆ నెల చార్ట్‌ను పక్కన పెట్టాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు ఆ మాత్రలు సొంతంగా వేసుకోకపోవడమే మంచిది. ఒకవేళ అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఆ విషయం తెలియకుండానే వాటిని మింగుతారు. అలాగే డాక్టర్ ప్రొజెస్టరాన్ మాత్రలో ఇంజెక్షన్లో ఇస్తుంటే, పైనున్న ఉష్ణోగ్రతను చూసి మురిసిపోవడానికి లేదు. అది మీ ఒంట్లో తయారైన ప్రొజెస్టరాన్ వల్లో, మందు వల్లో చార్ట్ చెప్పలేదు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నంతకాలం చార్ట్‌కు అర్థమే ఉండదు.

నెలంతా అంకెలు 97 కంటే కిందే తిరుగుతుంటే, దానితోపాటు నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ లోపం అండం విడుదలను కూడా దెబ్బతీయగలదు.

ఉష్ణోగ్రత పెరిగాక రెండు వారాలు

అన్నిటికంటే కష్టమైనవి ఈ రోజులే. మా చిన్నాన్న కూతురు ఒకరోజు తెల్లవారుజామునే మెసేజ్ పెట్టింది: "అక్కా, నిన్న 98.1 ఉంది, ఇవాళ 97.6. అయిపోయినట్టేనా?" తన గీత 97.4 దగ్గర ఉంది. అంటే ఇవాళ్టి అంకె ఇంకా గీతకు పైనే. పైగా ముందు రాత్రి ఊళ్ళో జాతరకు వెళ్ళి రెండింటికి పడుకుంది. ఆ ఒక్క అంకె చూసి ఆ పొద్దంతా తను ఏడ్చింది. ఒక్క రోజు తగ్గినంత మాత్రాన ఏమీ తేలదు.

ఇంటర్నెట్‌లో "ఇంప్లాంటేషన్ డిప్" అనే మాట బాగా తిరుగుతోంది. పిండం గర్భాశయంలో అతుక్కునే రోజున ఉష్ణోగ్రత ఒక్కరోజు దిగి మళ్ళీ ఎక్కుతుందని చెబుతారు. పిండం అతుక్కునేది చాలావరకు అండం విడుదలైన 8 నుంచి 10 రోజులకు, అది నిజం. కానీ ఆ దిగుడు గర్భం రాని నెలల్లోనూ కనిపిస్తుంది, గర్భం వచ్చిన చాలా చార్టుల్లో కనిపించదు. మలి దశలో పెరిగిన ఉష్ణోగ్రత ఇంకోసారి మరికొంచెం పైకెక్కడం కూడా అంతే. ఉంటే సంతోషం, లేకపోతే నష్టం లేదు. వాంతి వచ్చినట్టుండటం, రొమ్ముల నొప్పి, నీరసం వంటివి ఈ రోజుల్లో ప్రొజెస్టరాన్ వల్లా వస్తాయి. వాటిని పట్టుకుని వెతుక్కుంటే మనశ్శాంతి పోతుంది తప్ప సమాధానం దొరకదు.

పక్కింటివాళ్ళు "ఏమైనా విశేషమా?" అని అడిగినప్పుడల్లా ఈ రెండు వారాలు ఇంకా పొడుగవుతాయి. అడిగేవాళ్ళకు చార్ట్ సంగతి చెప్పాల్సిన అవసరం మీకు లేదు.

నమ్మదగిన గుర్తు ఒకటే: వ్యవధి. పెరిగిన ఉష్ణోగ్రత దిగకుండా 18 రోజులు, లేదా అంతకంటే ఎక్కువ నిలిచిందంటే గర్భం వచ్చి ఉండే అవకాశం చాలా ఎక్కువ. పైన చెప్పిన ఉదాహరణలో 18న మొదలైంది కాబట్టి 35వ రోజు పొద్దుటికి 18 రోజులు పూర్తవుతాయి. మీ మలి దశ ప్రతి నెలా 13 రోజులే అని మూడు చార్టులు చెబుతుంటే, ఉష్ణోగ్రత పెరిగిన రోజు నుంచి లెక్కపెట్టి 16వ రోజు కూడా పైనే ఉందంటే అప్పుడే అనుమానించవచ్చు.

అంతదాకా ఆగలేకపోతే, అండం విడుదలైందనుకున్న రోజు నుంచి 14 రోజులు గడిచాక మూత్ర పరీక్ష చేసుకోండి. అంతకు ముందు చేస్తే నెగెటివ్ వచ్చినా నమ్మలేం, హెచ్‌సిజి కిట్‌కు అందేంత పెరిగి ఉండదు. పొద్దుటి మొదటి మూత్రం వాడండి. నెగెటివ్ వచ్చి, ఉష్ణోగ్రత పైనే ఉండి, పీరియడ్ రాకపోతే మూడు రోజుల తర్వాత మళ్ళీ చేయండి. పల్లెల్లో ఆశా కార్యకర్తను అడిగితే ప్రభుత్వం ఇచ్చే నిశ్చయ్ కిట్ గురించి చెబుతారు. గర్భాన్ని ఖాయం చేసేది పరీక్షే, థర్మామీటర్ కాదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

35 ఏళ్ళలోపు వాళ్ళు ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, 35 దాటినవాళ్ళు ఆరు నెలలకే, 40 దాటినవాళ్ళు ఆగకుండా వెంటనే గైనకాలజిస్ట్‌ను కలవాలి. వరసగా మూడు నెలలు చార్ట్‌లో పెరుగుదలే కనిపించకపోయినా, మలి దశ పదే పదే 10 రోజులకంటే తక్కువగా ఉన్నా, పీరియడ్స్ 21 రోజులలోపో 35 రోజులు దాటాకో వస్తున్నా ఏడాది దాకా ఎదురుచూడొద్దు. పెరుగుదల కనిపించకపోయినా అండం విడుదలయ్యే స్త్రీలు కొద్దిమంది ఉంటారు, కాబట్టి ఒక చార్ట్ చూసి గుండె జారిపోనక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు ఇద్దరూ వెళ్ళండి. మొదటి వారంలోనే భర్తకు వీర్య పరీక్ష చేయించండి. అది చవకైనది, నొప్పి లేనిది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో కొంతవరకో పురుషుడి వైపు ఉంటుంది. అయినా మన దగ్గర ఆడపిల్లకు అన్ని పరీక్షలూ అయ్యాకగాని అబ్బాయి ల్యాబ్ గడప తొక్కడు. ఆమె చార్ట్‌లో ప్రతి నెలా చక్కటి పెరుగుదల కనిపిస్తున్నా గర్భం రావడం లేదంటే ఆ పరీక్షను ఇంకా వాయిదా వేయడం ఆమెకు చేసే అన్యాయం.

చార్ట్ ఫోటో డాక్టర్‌కు చూపించండి. అండం విడుదలైందో లేదో తెలుసుకోవడానికి "21వ రోజు" ప్రొజెస్టరాన్ రక్త పరీక్ష రాస్తుంటారు. నిజానికి అది చేయించుకోవాల్సింది అండం విడుదలైన ఏడు రోజులకు. 35 రోజుల నెలసరి ఉన్న ఆమె 21వ రోజే రక్తం ఇస్తే, అప్పటికి అండం ఇంకా విడుదలై ఉండదు, ఫలితం తక్కువ వస్తుంది, సమస్య ఉందని అనుకుంటారు. ఆమెకు ఆ పరీక్ష 28వ రోజు ప్రాంతంలో కావాలి. "నాకు అండం 21 దగ్గర విడుదలవుతోంది" అని చార్ట్ ముందుపెట్టి చెబితే పరీక్ష సరైన రోజున జరుగుతుంది.

పాజిటివ్ వచ్చాక

ఉష్ణోగ్రత చూడటం ఆపేయండి. గర్భం బాగున్నా రోజూ అంకెలు అటూ ఇటూ అవుతాయి, ప్రతి తగ్గుదలా ఒక భయం తెచ్చిపెడుతుంది. గర్భం ఎక్కడ నిలిచిందో కూడా చార్ట్ చెప్పలేదు. గర్భాశయంలో కాకుండా బయట ట్యూబులో నిలిచినా ఉష్ణోగ్రత పైనే ఉండవచ్చు. కడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, భుజం నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం వీటిలో ఏది కనిపించినా చార్ట్ సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజుకు 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే వేసుకుంటూ ఉండాలి. వేసుకోకపోతే ఇప్పుడైనా డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి.

మొదటి స్కాన్‌కు వెళ్ళినప్పుడు అండం విడుదలైన తేదీ చెప్పండి. గర్భం వారాలను చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కిస్తారు, అండం 14వ రోజున విడుదలైందన్న ఊహ మీద. మీకు అది 22వ రోజున జరిగి ఉంటే, లెక్క ప్రకారం ఆరు వారాలు నిండినా బిడ్డ వయసు ఐదు వారాలకు దగ్గరగానే ఉంటుంది. అప్పుడు స్కాన్‌లో గుండె చప్పుడు కనిపించకపోవడం సహజం. ఆ తేదీ డాక్టర్‌కు తెలిస్తే పది రోజులాగి మళ్ళీ రమ్మంటారు, చెప్పకపోతే ఆ పది రోజులూ మీరు లేనిపోని భయంతో గడపాల్సి వస్తుంది.